నాలుగో మలుపు దగ్గర గుంత

విమానం దిగినవాళ్ళని ఊళ్ళోకి చేర్చడానికి
నాకు గంటా పది నిమిషాలు.
వాన పడితే దేవుడి చిత్తం.
వ్యాన్ నుదుటి మీద ‘ఓపిక’ అని రాయించాను,
అది నాకో, ఎక్కినవాళ్ళకో
ఇంకా తేల్చుకోలేదు.

నాలుగో మలుపు దగ్గర గుంత ఉంది.
తుఫాను ఏడాది పుట్టింది,
మా చిన్నదానికంటే మూడు నెలలు పెద్దది.
ఇద్దరు మంత్రులు వచ్చి చూసి వెళ్ళారు దాన్ని.
కళ్ళు మూసుకునైనా తప్పించగలను.
తప్పించను.
మనిషి బయటపడేది అక్కడే.

నిన్న డ్యూసెల్డార్ఫ్ నుంచి వచ్చినాయన
తల కప్పుకి కొట్టుకోగానే
“మా డబ్బంతా ఏం చేస్తున్నారయ్యా మీరు?” అన్నాడు.
అప్పటికి ఒక కొబ్బరిబోండాం కూడా కొనలేదు పాపం.
వెనక సీట్లో టొరంటో పిల్ల
గుంతకి ఫోటో తీసింది.
ఇక్కడ అన్నీ ఎంత నిజంగా ఉన్నాయో అని మురిసిపోయింది.
కొండవాలు ఇళ్ళ మీద నీలం టార్పాలిన్లు చూసి
సముద్రం రంగుకి భలే జత కుదిరాయి అంది.
వాటిలో ఒకదాని కింద మా అన్న కాపురం.
కుదిరాయమ్మా, అన్నాను,
ఆరేళ్ళుగా కుదురుతూనే ఉన్నాయి.

యూడోక్సీ బసలో కరెంటు పోయిన రాత్రి
కిరసనాయిలు దీపాలు పెట్టిందట గదికొకటి.
ఒక జంట పొద్దున్నే ఆమె చేతులు పట్టుకున్నారు,
ఇలాంటి రాత్రి మళ్ళీ రాదని.
పక్కగది వాళ్ళు సగం డబ్బు వెనక్కి అడిగారు.
ఒకే సీసాలోని కిరసనాయిలే.
ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చిన ముసలాయన మాత్రం
అసలు కరెంటెందుకు తెచ్చారని అలిగాడు,
అప్పుడైతే చుక్కలు కనిపించేవట.
మాకూ కనిపించేవి.
పురిటిగదిలో కూడా అవే వెలుగు.

ఒకావిడ ఏమీ అనలేదు.
మార్టినిక్ నుంచి, నర్సుగా రిటైరైన మనిషి.
వ్యాన్ ఆపించి, దిగి,
గట్టు మీది రాయొకటి ఎత్తుకొచ్చి గుంతలో పడేసింది.
చేతులు గౌనుకి తుడుచుకుని ఎక్కి కూర్చుంది.
బుధవారం వానకి రాయి కొట్టుకుపోయింది.
ఆవిడ పేరు అడగలేదే అని
ఇప్పటికీ ఆ మలుపులో గేరు మారుస్తూ అనుకుంటాను.

పోయిన ఆదివారం మా అమ్మని ఎక్కించుకున్నాను.
డెబ్బై ఒకటో ఏడు.
నలభై ఏళ్ళు హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసింది,
జలపాతం బొమ్మలున్న దుప్పట్లు,
జలపాతాన్ని చూడలేదు.
నేనూ అంతే, వెయ్యిసార్లు వెళ్ళినా
చెట్టు నీడన వ్యాన్ ఆపుకుని
సీమపనస కాల్చుకుతింటూ కూర్చున్నవాణ్ణే.

చర్చి టోపీ పెట్టుకుంది.
గుంతలో ఎగిరిపడ్డప్పుడు
“ఇదింకా ఇక్కడే ఉందా” అంది,
దూరపు చుట్టాన్ని అడిగినట్టు.

నూట పదకొండు మెట్లు. మూడుచోట్ల ఆగాం.
చివరికి ఆ తెల్లటి హోరు ముందు నిలబడింది,
తుంపర్లకి టోపీ మెత్తబడి చెవుల మీదికి వాలింది.
చాలాసేపు మాట్లాడలేదు.
నా గుండె ఎందుకో గట్టిగా కొట్టుకుంది,
నేనే ఆ నీళ్ళని వండి వడ్డించినట్టు.

తర్వాత మా క్రియోల్‌లో, గట్టిగా, అంది:
“ఇన్ని నీళ్ళు ఇక్కడ పడి పోతుంటే
మన కొళాయికి ఏం రోగంరా, సిల్వేర్?”

పక్కనే ఎవరో తెల్లావిడ, చేతిలో చెప్పులు,
పెద్దమ్మ ఏమంటోంది అని అడిగింది నన్ను.

చాలా అందంగా ఉందంటోంది, అన్నాను.

ఆవిడ కళ్ళు చెమర్చాయి.
అమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది,
బిందె తెచ్చుకోవాల్సింది అని గొణుక్కుంటూ
మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.